నీలమ్మ ఎక్కిన బండి

చీపురుపల్లి వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, అక్కడ చూడ్డానికి ఏముంది అని. గుళ్ళ గురించి చెప్తాననుకుంటారు. అరకుదాకా పోయొచ్చానేమో అనుకుంటారు. నేను చూసింది ఒక చిన్న బ్యాంకు, ఆ బ్యాంకు ఊరికి దానమిచ్చిన ఒక బండి. ఆ బండిలో వెనకాల కూర్చుని ఒక పూట ప్రయాణం కూడా చేశాను. ఆ సంగతి చెప్పబోతే మా ఆవిడ సగంలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది. అందుకని రాస్తున్నాను.

నాకు తెనాలిలో చిన్న ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు వేస్తుంటాం. మా ఆవిడ చెల్లెలు సుభద్ర పెళ్ళయ్యాక విజయనగరం జిల్లా వెళ్ళిపోయి చీపురుపల్లిలో ఒక సహకార బ్యాంకులో ఉద్యోగానికి కుదిరింది. పల్లెలు తిరిగి జనానికి ఖాతా అంటే ఏమిటో, బీమా అంటే ఏమిటో, ఫోన్లో ఎవరడిగినా నంబరు ఎందుకు చెప్పకూడదో నేర్పడం ఆమె పని. ఆ సభల్లో పంచే కాగితాలు నేనే పెద్ద అక్షరాలతో అచ్చువేసి పంపుతుంటాను. "బావగారూ, మీ కాగితం ఎవరి చేతుల్లోకి పోతోందో ఒక్కసారి వచ్చి చూడండి" అని ఏళ్ళ తరబడి పిలుస్తోంది. మొన్న ధనుర్మాసంలో కుదిరింది.

మంచులో చీపురుపల్లి

తెల్లవారుజామున రైలు దిగాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నాతోపాటు దిగినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద పది అడుగులు వేసి కనపడకుండా పోయారు. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. "ఎల్తన్నావేటి?" "ఎల్తన్నాను, ఉండు." ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. మా వైపు చలికాలం అంటే పొద్దున ఒక శాలువా, అంతే. ఇక్కడ మంచు ఊరిని మింగి, ఎండెక్కాక ఒక్కొక్క ఇంటినే బయటికి వదులుతుంది.

స్టేషను బయట పాకలో ఇడ్లీ తిన్నాను. ప్లేటు పాతిక రూపాయలు, అల్లం పచ్చడి ఎంత కావాలంటే అంత. మా ఊళ్ళో ఆ డబ్బుకి చట్నీ రెండోసారి అడగడానికి కూడా మొహమాటపడాలి. పాక నడిపే ఆవిడ నా మాట వినగానే పట్టేసింది. "మీది గుంటూరేటి బాబూ? మాటలు అలా కోసీసినట్టున్నాయి" అని నవ్వి, అడక్కుండానే ఇంకో ఇడ్లీ వేసింది.

నేను కూర్చున్న సిమెంటు బల్ల మీద సుభద్ర వాళ్ళ బ్యాంకు పేరుంది. ఎదురుగా పశువులు నీళ్ళు తాగే తొట్టి మీదా అదే పేరు. లాభంలో కొంత ఏటా ఊరికే ఖర్చుపెట్టాలని ఆ బ్యాంకు పెట్టుకున్న నియమమట. బడిపిల్లలకు సంచులు, తాగునీటి ప్లాంటు, చదువుకునే ఆడపిల్లలకు ఫీజులు. ఇవి కాక శ్మశానంలో రేకుల షెడ్డు, శవాన్ని చెడకుండా ఉంచే గాజు పెట్టె, ఆఖరి ప్రయాణానికి బండి. "పేదోళ్ళు అప్పు చేసేది పెళ్ళికీ చావుకీ. పెళ్ళి మనం ఆపలేం, చావు ఖర్చు తగ్గించగలం" అని మేనేజరు తర్వాత నాతో అన్నాడు. మంచి మాటే. కానీ ఆ తెల్లవారుజామున ఎటు చూసినా ఒకే పేరు, అదీ ఊరి మొదట్నించి కాటి వరకూ వరసగా కనిపిస్తుంటే, ఎందుకో బల్ల మీంచి లేచి నిలబడి టీ తాగాను.

సుభద్ర ఇంట్లో చోడి అంబలి ఇచ్చింది. రాగుల్ని ఇక్కడ చోళ్ళంటారు. పక్కన నంజుకోడానికి ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. మా ఇంట్లో డాక్టరు చెప్తేగాని తాగని వస్తువు, ఇక్కడ రోజూ పొద్దున చుట్టానికి కూడా పోస్తారు.

వేరే బండి లేదు

మర్నాడు పొద్దున్న ఒక పల్లెలో సభ. బ్యాంకు జీపు స్టార్టు కాలేదు. మెకానిక్ చూసి సాయంత్రం దాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆటోలో పోదామంటే మైకు, తెర, కుర్చీలు ఉన్నాయి. మేనేజరు కాసేపు గడ్డం గోక్కుని, "అప్పన్న బండి ఖాళీగానే ఉంది కదమ్మా" అన్నాడు.

సుభద్ర ముఖం మాడిపోయింది. "సార్, ఆ బండిలో వెళ్ళి బీమా గురించి చెప్పమంటారా?"

"ఒక్క పూటే కదా. పేరు మీద గుడ్డ కట్టీండి."

అప్పన్న ఆఖరి ప్రయాణం బండి డ్రైవరు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. బండి తెల్లగా, శుభ్రంగా ఉంది. వెనక రెండు పక్కలా అద్దాలు. మధ్యలో పొడుగాటి స్టీలు పళ్ళెం, మనిషిని పడుకోబెట్టేది. దానికి అటూ ఇటూ కూర్చోడానికి సన్నటి బల్లలు. పళ్ళెంలో కుర్చీలు, మైకు సర్దాం. ముందు సీట్లో సుభద్ర కూర్చుంటే నాకు వెనకే మిగిలింది.

అప్పన్న తాళం తిప్పగానే బండిలోంచి శంఖం మోగింది. వెంటనే ఒక మగ గొంతు నిదానంగా గోవిందనామం అందుకుంది. ఇంజను ఆన్ అయితే అది మొదలయ్యేలా వైరింగు చేశారట. అప్పన్న కిందికి వంగి ఏదో వైరు పీకాడు. గొంతు ఆగింది. "గతుకుల్లో మళ్ళీ వొస్తాది బాబూ. బయపడకండి" అన్నాడు.

తోవలో సుభద్ర ముందు సీట్లోంచి చిన్న కిటికీ గుండా ఆ ఊళ్ళో ఒక ఇంటి సంగతి చెప్పింది. సూర్యనారాయణ అని ఒక కుర్రాడు చెన్నైలో కట్టడం పనికి వెళ్ళి పైనుంచి పడి పోయాడు. భార్య గౌరి, ఇంకా నడక రాని పాప, తల్లి నీలమ్మ. అతని ఖాతాకి బీమా ఉంది, ఏడాదికోసారి ఖాతాలోంచి కొంచెం కోసుకునేది. ఆ డబ్బొస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. చిక్కేమిటంటే, ఖాతా తెరిచినప్పుడు అతనికి పెళ్ళి కాలేదు. నామినీగా అమ్మ పేరు రాశాడు. పెళ్ళయ్యాక మార్చలేదు. ఇప్పుడు తల్లి వచ్చి వేలిముద్ర వేయాలి. ఆవిడ వేయనంటోంది.

"ఎందుకని?"

"కొడుకు మెడ్రాసులో పనిలో ఉన్నాడంటుంది బావగారూ. శవం వచ్చిన రోజు కూడా గోడవైపు తిరిగి పడుకునే ఉందట. మొహం చూడలేదు. అప్పట్నుంచి గడప దాటలేదు. నేను మూడుసార్లు వెళ్ళాను. ఇంకా జాప్యం అయితే క్లెయిము కష్టమవుతుంది."

తలుపులు

ఆ ఊరి పేరు రాయను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పొలాల్లో తాటిచెట్లు మొదళ్ళు లేకుండా, తలలు మాత్రమే గాలిలో నిలబడినట్టున్నాయి. ఊరి మొదట్లో పిల్ల కాలువ మీద గతుకు రాగానే శంఖం మోగింది. అప్పన్న వైరు కోసం తడుముకునేలోపల గోవిందనామం వీధిలోకి మాకన్నా ముందే వెళ్ళిపోయింది.

ముగ్గు వేస్తున్న అమ్మాయి చేతిలో పిండి చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది. తేగలు కాలుస్తున్నవాళ్ళు లేచి చేతులు జోడించారు. తర్వాత ఒక్కొక్కరూ తమ ఇళ్ళవైపు తిరిగి లోపలికి చూసుకోవడం మొదలుపెట్టారు, ఎవరికోసం వచ్చిందోనని. అరుగు మీద పడుకున్న ఒక ముసలాయన గబగబా లేచి కూర్చుని, మేం దాటిపోయేదాకా మమ్మల్నే చూస్తూ గట్టిగా దగ్గాడు, తను బతికే ఉన్నట్టు మాకు తెలియాలని. ఒకామె పసుపునీళ్ళు తెచ్చి గుమ్మంలో చల్లి తలుపు వేసుకుంది. ఆ చప్పుడుతో పక్క తలుపు, దాని పక్క తలుపు.

సుభద్ర దిగి, "ఎవరికీ ఏమీ కాలేదు! బ్యాంకు సభకి వచ్చాం!" అని అరిచింది. ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"సబ అయితే ఈ బండెందుకొచ్చినాది తల్లీ?"

"జీపు పాడైంది మావా."

"పిలవకుండా వొచ్చీసిందన్నమాట" అన్నాడాయన. కోపంగా కాదు. ఎవరికో జ్వరం ఎంత ఉందో చెప్తున్నట్టుగా అన్నాడు. "ఇంక ఉత్తినే ఎల్తాదా?"

సభకి ఎవరూ రాలేదు. కుర్చీలు వేశాం, అవి అలాగే మంచులో తడిశాయి. నేను అచ్చువేసిన కాగితాలు ఒక్కటీ ఎవరూ అందుకోలేదు. వాటి మీద పైన బ్యాంకు పేరు, బండి మీద గుడ్డ కింద ఉన్న పేరే, బాగా పెద్దక్షరాల్లో ఉంది. అలా వేసింది నేనే.

నీలమ్మ

వీధి చివర ఇంటి తలుపు తెరుచుకుంది. అప్పుడే స్నానం చేసినట్టు తడి జుట్టుతో, ఉతికిన తెల్లచీర కట్టుకుని ఒక ముసలావిడ బయటికొచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. వెనకాల పాపను చంకనేసుకుని కోడలు పరిగెత్తుకొస్తోంది. తలుపులు మళ్ళీ ఒక్కొక్కటీ సందు ఇచ్చాయి. గడప దాటని నీలమ్మ గడప దాటింది.

ఆవిడ మా ఎవరి వైపూ చూడలేదు. నేరుగా బండి దగ్గరికొచ్చి వెనక తలుపు పట్టుకుంది.

"అత్తా, ఏటిది? లోపలికి రా!" గౌరి చెయ్యి పట్టుకుంది. నీలమ్మ వదిలించుకుంది.

"ఖాళీగా ఎల్లకూడదే ఇది. వొచ్చినాక ఎవులో ఒకలు ఎక్కాల. నేకపోతే ఏ గుంటకో సుట్టుకుంటాది" అంది. గౌరి చంకలోని పాపను చూస్తూ అంది ఆ మాట.

గౌరి సుభద్ర మీద విరుచుకుపడింది. "ఏటమ్మా నువ్వు సేసిన పని! సదువుకున్నదానివి కావా? మా అత్త ఇప్పుడు సచ్చిపోతాది. తనకోసమే వొచ్చిందనుకుంటే మనిసి బతకదు. నీ డబ్బు నీ దగ్గరే ఎట్టుకో!"

నీలమ్మ అప్పటికే ఎక్కేసింది. మేం కుర్చీలు దింపిన పళ్ళెంలో వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కన పెట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. స్టీలు చల్లదనానికి ఒక్కసారి వణికి, తర్వాత కదలడం మానేసింది.

సుభద్ర ఆవిడ మొహం దగ్గరికి వంగింది. నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆమె మాయమాట చెప్పలేదు. "పెద్దమ్మా, నేను నిన్ను బ్యాంకుకి తీసుకెళ్తాను. కాటికి కాదు. అక్కడ సూరి కాగితం మీద వేలిముద్ర అడుగుతారు. ఇష్టం లేకపోతే ఇప్పుడే దిగిపో."

నీలమ్మ పైకే చూస్తూ అంది. "ఎక్కడికైనా పోనీ. పోనీమని సెప్పు."

వెనక సీటు

గౌరి, పాప ఒక పక్క బల్ల మీద, నేను ఎదురు బల్ల మీద. మా మధ్యలో నీలమ్మ. ఊరు ఊరంతా బయటికొచ్చి చేతులు జోడించింది. ఎవరో బొరుగులు చల్లారు. అవి అద్దం మీద పడి జారాయి. బతికున్న మనిషికి అలా చేస్తారా అని నేను కేకేయబోయాను. గౌరి తల అడ్డంగా ఆడించింది. ఆమె అత్త రొమ్ము వైపు చూస్తోంది, ఊపిరి ఆడుతోందా అని. నేనూ అక్కడే చూస్తున్నాను. కాసేపు తెలిసేది, కాసేపు తెలిసేది కాదు. బండి కుదుపా, ఊపిరా, చెప్పడం కష్టం.

కాలువ దగ్గర మళ్ళీ శంఖం మోగింది. అప్పన్న వైరు పీకబోతే పళ్ళెంలోంచి గొంతు వచ్చింది. "ఉండనీరా."

అంతే, ఆ దారి పొడుగునా గోవిందనామం మోగుతూనే ఉంది. ఎదురొచ్చే ఎద్దుబండ్లు పక్కకి తప్పుకున్నాయి. సైకిలు దిగి తలపాగా తీసి నిలబడ్డ ఒకాయన అద్దంలోంచి లోపలికి చూశాడు. సరిగ్గా అప్పుడే నీలమ్మ కళ్ళు అతని మీంచి తాటిచెట్టు కొస మీదికి కదిలాయి. అతను సైకిలుతో సహా గట్టు మీద కూలబడిపోయాడు. ఇంకో రోజైతే నవ్వొచ్చేది. ఆ రోజు నేను మళ్ళీ నీలమ్మ ఊపిరి వైపే చూపు తిప్పాను.

సగం దారిలో పాప ఏడ్చింది. నీలమ్మ పడుకునే చెయ్యి ఎత్తి పాప పాదం పట్టుకుంది. పాప ఏడుపు ఆపింది. ఆ చెయ్యి చీపురుపల్లి దాకా అలాగే ఉంది. ఊపిరి కోసం చూడటం మేమిద్దరం అప్పుడు మానేశాం.

బ్యాంకులో

బండి శబ్దానికి బ్యాంకు లోపల, బయట అందరూ లేచి నిలబడ్డారు. వెనక తలుపు తీయగానే నీలమ్మ లేచి కూర్చుంది. ఎవరో కెవ్వుమన్నారు. ఆవిడ కాళ్ళు కిందికి దించి, చీర సర్దుకుని, లోపలికి నడిచింది. వరసలో నిలబడ్డవాళ్ళు గోడకి అంటుకుపోయి దారిచ్చారు.

కౌంటరు వెనక కొత్తగా చేరిన అమ్మాయి. అలవాటు ప్రశ్న అడిగింది. "మీరు ఖాతాదారుకి ఏమవుతారండీ?"

నీలమ్మ కౌంటరు మీదున్న కాగితాల వైపు చూసింది.

"సచ్చిపోయినోడి అమ్మని" అంది.

నా పక్కన గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు పోయాక ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. సుభద్ర కాగితాలు ఒక్కొక్కటే చదివి చెప్పింది. దేనికి వేలిముద్రో చెప్పాకే వేయించింది. అన్నీ అయ్యాక నీలమ్మ అడిగింది, "ఈ డబ్బు నా కాతాలో పడతాది. మరి నాను పోతే?"

"మీరు ఎవరి పేరు రాస్తే వాళ్ళకి."

"అయితే ఇప్పుడే రాసీ. కోడలి పేరు. నా కొడుకులాగ మర్చిపోనివ్వకు."

గౌరి, "ఇప్పుడెందుకత్తా" అని ఏడ్చింది. నీలమ్మ ఆమెను పట్టించుకోలేదు. రాసేదాకా కౌంటరు దగ్గర్నించి కదల్లేదు.

తర్వాత వరండాలో టీ తాగుతుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, నీకు భయం వేయలేదా?"

ఆవిడ నన్ను మొదటిసారి చూసింది. "నాకోసమే వొచ్చిందనుకున్నాను బాబూ. సరే అనుకుని ఎక్కినాను. తొంగున్నాక గేపకమొచ్చింది." అప్పన్న వైపు తిరిగింది. "ఆ దినం మా సూరిగాన్ని తెచ్చినది నువ్వే కదరా?"

అప్పన్న గ్లాసు కింద పెట్టాడు. "నానేనమ్మా. ఈ బండే. రైల్లో ఇజినారం దాకా వొస్తే, అక్కడ్నించి తెచ్చినాను."

"ఈ పల్లెంలోనే?"

"ఊఁ."

నీలమ్మ తలాడించింది. "నాను ఆ దినం సూడనేదు. మొహం గోడకెట్టి తొంగున్నాను. ఇవాళ ఆడు తొంగున్న సోట తొంగుని, ఆడు ఏటి సూసుకుంటా వొచ్చాడో సూద్దామనుకున్నాను. ఆకాశం కనిపిస్తాది. తాటిసెట్ల తలలు, కరెంటు తీగలు. అంతే బాబూ. ఎంత సూసినా ఊరు కనిపించదు." టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "ఇంటికొచ్చీసినానని ఆడికి తెల్సుండదు."



"ఒరే అప్పన్నా" అందావిడ మళ్ళీ. "నువ్వు ఎవుల్ని తెచ్చినా, పొలిమేర కాడ ఒక మాట సెప్పు. ఊరొచ్చీసింది అని సెప్పు. ఇంటారో, ఇనరో. సెప్పు."

తిరుగు ప్రయాణానికి ఆవిడ ఆ బండి ఎక్కలేదు. దిగిపోయినవాళ్ళు మళ్ళీ ఎక్కకూడదంది. సుభద్ర ఆటో మాట్లాడి, తనే కూడా వెళ్ళింది. కుర్చీలు తెచ్చుకోడానికి అంది, కానీ చీకటి పడ్డాక తిరిగొచ్చినప్పుడు చేతిలో నా కాగితాలు లేవు. ఆటో చూసి జనం బయటికొచ్చారట, చూడ్డానికి, నీలమ్మ ఊపిరితో ఉందో లేదోనని. ఎటూ వచ్చారు కదా అని సుభద్ర నామినీ సంగతి చెప్పింది. ఎవరి పుస్తకంలో ఎవరి పేరుందో చూడమని ఇళ్ళలోంచి పాసుపుస్తకాలు పట్టుకొచ్చారట.

పొందూరు

మూడో రోజు ఖద్దరు నేత చూద్దామని ఒక్కణ్ణే పొందూరు వెళ్ళాను. ఒక ఇంట్లో ముసలామె చేప దవడతో పత్తిని దువ్వుతోంది, దూది మంచులా లేస్తోంది. మా ఆవిడకి చీర ధర విని వెనక్కి తగ్గి, నాకు ఒక తుండుగుడ్డ కొనుక్కున్నాను. ఆమె నొచ్చుకోలేదు. "ఇది సాలా రోజులొస్తాదిలే బాబూ" అంది.

తిరుగు బస్సు తప్పిపోయింది. రోడ్డు పక్కన నిలబడితే మంచు మళ్ళీ దిగడం మొదలైంది. దూరాన్నుంచి గోవిందనామం వినిపించింది. నేను చేయెత్తలేదు. బండే వచ్చి ఆగింది.

"ఎక్కండి బాబూ, ఈ తోవలో ఇంక బస్సు నేదు" అన్నాడు అప్పన్న. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి వస్తున్నాడు. వెనక ఒక పెద్దాయన, తెల్లగుడ్డ కప్పి ఉన్నాడు. ఆడవాళ్ళిద్దరు పళ్ళానికి తలలు ఆనించి కూర్చున్నారు. ముందు సీట్లో చనిపోయినాయన తమ్ముడు. నేనెక్కి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన దారంతా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. కట్టెలు తెమ్మని ఒకరికి, టెంటు వద్దని ఇంకొకరికి. గొంతులో తడి లేదు. పనులు తరుముకొస్తే మనిషి అలాగే ఉంటాడు.

వాళ్ళ ఊరి బోర్డు మంచులోంచి బయటపడింది. అప్పన్న పాట ఆపాడు. బండిని నడక వేగానికి తెచ్చాడు. మెడ తిప్పి, సీటు వెనక చిన్న కిటికీ తెరిచి, నిద్రలేపుతున్న గొంతుతో అన్నాడు.

"అన్నా. ఊరొచ్చీసింది."

తమ్ముడు ఫోను చెవి దగ్గర్నించి తీశాడు. అవతలి వైపు ఎవరో ఇంకా హలో హలో అంటున్నారు. ఆయన కూడా వెనక్కి తిరిగి ఆ కిటికీలోంచి చూస్తూ, జవాబు వస్తుందేమోనని ఆగాడు.